అరవని మంచె

జొన్నచేను గింజ కట్టే రోజుల్లో మంచె ఎక్కినవాడికి గొంతు ఉండాలి. వడిసెల ఉండాలి, పక్కన గుప్పెడు రాళ్ళుండాలి, వాయించడానికి ఖాళీ డబ్బా ఒకటి చేతికందేలా ఉండాలి. అన్నిటికీ మించి గొంతు. ఒక్క కేక వేస్తే చేనుకి ఆ చివర వాలిన పిట్టల గుంపు గుంపంతా లేచిపోవాలి. అడవిపందులు దిగే ఊళ్ళలో అయితే రాత్రంతా ఒక మంచె మీద కేకకి ఇంకో మంచె మీంచి జవాబు వస్తూనే ఉంటుంది. తెలుగువాడికి తెలిసిన మంచె అది. జంతువుని దూరంగా ఉంచడానికి వేసుకున్నది.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు పడమటి అంచున, మిసిసిపీ నది పక్కన, బఫెలో కౌంటీ అని ఒకటుంది. మంచుయుగపు హిమానీనదాలు చదును చేయకుండా వదిలేసిన నేల. గుట్టలు, లోయలు, గుట్టల మీద ఓక్ చెట్లు, లోయల్లో మొక్కజొన్న, సోయా చేలు. నవంబరు మొదటి వారంలో ఆ చెట్లకి 18, 20 అడుగుల ఎత్తున మంచెలుంటాయి. ఒక మనిషి కూర్చోడానికి, లేచి నిలబడడానికి మాత్రం సరిపడే లోహపు చట్రం, చెట్టుకి బిగించిన పట్టీ, అంతే. దాని మీద కూర్చున్నవాడు అరవడు. దగ్గడు. తుమ్మొస్తే మోచేతి మడతలో ముక్కు కుక్కుకుంటాడు. జంతువు తన దగ్గరికి రావాలని ఎక్కాడు వాడు. దగ్గరికంటే మరీ దగ్గరికి, 20 గజాల్లోకి. ఎందుకంటే వాడి చేతిలో ఉన్నది విల్లు.

వాడు ఎదురుచూసేది తెల్లతోక దుప్పి కోసం. అమెరికా వెళ్ళిన మనవాళ్ళు దాన్ని జింక అనేస్తారు గానీ, మన జింకకి కొమ్ములు రెమ్మలు వేయవు, ఏటా రాలవు. కొమ్మలు కొమ్మలుగా చీలి, శీతాకాలం చివర ఊడిపడి, వసంతంలో మళ్ళీ మొలిచే కొమ్ములు దుప్పి జాతివి. కాబట్టి దుప్పి అనడమే న్యాయం. బెదిరితే తోక నిలువునా ఎత్తుతుంది. ఆ తోక అడుగు తెల్లగా జెండాలా ఊగుతూ పొదల్లోకి మాయమవుతుంది. చాలామంది వేటగాళ్ళకి ఏడాదంతా ప్రాప్తించే దర్శనం ఆ జెండా ఒక్కటే.

అందులోనూ ముదురు పోతు. ఏడాదిన్నర పోతుకీ అయిదేళ్ళ పోతుకీ ఉన్న తేడా కొత్త పెళ్ళికొడుక్కీ ఊరి కరణానికీ ఉన్నంత. మొదటిది ఆడ దుప్పి కనిపిస్తే చాలు, చేను మధ్యలోంచి పట్టపగలు పరిగెత్తుకొస్తుంది. రెండోది చేలోకి రాదు. చేనుకి గాలి వాలున, చెట్ల చాటున, నలభై అడుగుల లోపలే నడుస్తూ చేలో ఎవరున్నారో ముక్కుతోనే లెక్క చూసుకుంటుంది. వయసు తెలుసుకోడానికి కొమ్ములు చూస్తే మోసపోతారు. మంచి మేత దొరికిన కుర్ర పోతుకి పెద్ద కొమ్ములుండొచ్చు, ముసలిదానికి తగ్గిపోయి ఉండొచ్చు. చూడాల్సింది ఒళ్ళు. ఎదకాలంలో మెడ లావెక్కి నేరుగా రొమ్ములోకి కలిసిపోతుంది. పొట్ట జారుతుంది. ఒంటి బరువుకి కాళ్ళు పొట్టివైనట్టు కనిపిస్తాయి. చచ్చాక అయితే దవడ తెరిచి పళ్ళ అరుగుదల చూసి వయసు అంచనా కడతారు. మన సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టే.

తెలుగులో పసి అంటే వాసన. పసిగట్టడం, పసిపట్టడం అన్న మాటలు అక్కణ్ణించే వచ్చాయి. మనిషి విషయంలో అవి ఉపమానాలైపోయాయి. దుప్పికి మాత్రం అక్షరాలా అదే పని. కళ్ళని ఏమార్చవచ్చు. దాని కంటికి ఎరుపు, నారింజ రంగులు సరిగా ఆనవు. అందుకే తుపాకి వేట రోజుల్లో వేటగాళ్ళు ఒకరినొకరు కాల్చుకోకుండా మండే నారింజ రంగు చొక్కాలు తొడుక్కున్నా దుప్పికి తేడా తెలియదు. నీలం వైపు రంగుల్ని మాత్రం బాగా పట్టేస్తుంది. బట్టల్ని తెల్లగా మెరిపించే సబ్బుపొడితో ఉతికితే, ఆకుల బొమ్మలున్న ఖరీదైన చొక్కా కూడా దాని కంటికి మసక వెలుతుర్లో మెరుస్తుంది. చెవిని కూడా ఒక్కోసారి ఏమార్చవచ్చు. అలికిడి విన్నా నిలబడి మళ్ళీ వింటుంది, అనుమానం తీరితే మేతకి దిగుతుంది. ముక్కు దగ్గర అలాంటి రెండో విచారణ ఉండదు. మనిషి వాసన ఒక్కసారి తగిలితే అంతే.

కాబట్టి మంచె ఎక్కేవాడు ముందు చూసేది చెట్టుని కాదు, గాలిని. ఉదయం ఎండ పడుతుంటే నేల వేడెక్కి గాలి గుట్ట పైకి పాకుతుంది. సాయంత్రం చల్లబడి నీళ్ళలా లోయలోకి జారుతుంది. ఉదయానికి పనికొచ్చిన చెట్టు సాయంత్రానికి పనికిరాదు. జేబులో చిన్న డబ్బీలో తెల్లటి పొడి ఉంటుంది. దాన్ని చిటికెడు వదిలి ఎటు తేలిపోతోందో చూస్తారు. గాలి తిరగబడిన రోజున తెలివైనవాడు మంచె ఎక్కకుండా ఇంటికెళ్ళిపోతాడు. ఆ తెలివి చాలామందికి అయిదారేళ్ళు వృథా చేసుకున్నాక గానీ రాదు.

ఈ సంగతులన్నీ వాసన పోగొట్టే సబ్బులమ్మే కంపెనీలు కనిపెట్టినవి కావు. 1911 ఆగస్టులో కాలిఫోర్నియాలో ఓరోవిల్ అనే ఊరి కబేళా దగ్గర ఒక మనిషి ఆకలితో చిక్కి దొరికాడు. యాహీ తెగలో మిగిలిన ఆఖరి మనిషి. తక్కినవాళ్ళని అంతకుముందు యాభై ఏళ్ళలో తెల్లవలసదారులు ఊచకోత కోశారు, మిగిలినవాళ్ళు దాక్కుంటూ దాక్కుంటూ అంతరించారు. తన పేరు తాను చెప్పుకోవడం వాళ్ళ ఆచారం కాదు. చెప్పడానికి వేరే మనిషి లేడు. ఆల్ఫ్రెడ్ క్రోబర్ అనే మానవశాస్త్రవేత్త ఆయన్ని 'ఇషీ' అని పిలిచాడు. వాళ్ళ భాషలో 'మనిషి' అని అర్థం. శాన్‌ఫ్రాన్సిస్కోలో విశ్వవిద్యాలయం వారి మ్యూజియంలోనే ఆయన మకాం. పక్క ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు శాక్స్‌టన్ పోప్. వైద్యం చేయడానికి వచ్చి స్నేహితుడయ్యాడు, ఆ తర్వాత శిష్యుడయ్యాడు. విల్లు చెక్కడం, బాణానికి ఈకలు కట్టడం, పొంచి ఉండడం, అన్నీ ఇషీ దగ్గరే నేర్చుకున్నాడు. దుప్పి వేటకి ముందురోజు ఇషీ చేప ముట్టేవాడు కాదు, పొగాకు తాగేవాడు కాదు. తెల్లారకముందే లేచి ఏట్లో స్నానం చేసి, వాసనాకులు ఒంటికి రుద్దుకుని, నోరు పుక్కిలించి, పరగడుపున బయల్దేరేవాడు. మన పల్లెల్లో గుడికి వెళ్ళేవాడి తయారీ.

ఇషీ 1916లో క్షయతో పోయాడు. పోప్ రాసిన విలువేట పుస్తకం 1923లో వచ్చింది. ఆయన పేరూ, ఆయన తోటి వేటగాడు ఆర్థర్ యంగ్ పేరూ కలిపి 1961లో 'పోప్ అండ్ యంగ్ క్లబ్' పుట్టింది. ఉత్తర అమెరికాలో విల్లుతో కొట్టిన పెద్ద జంతువుల రికార్డులు ఉంచేది ఆ సంఘమే. గురువు పేరు మాత్రం బోర్డు మీదికి ఎక్కలేదు. ఒక తెగని తుడిచిపెట్టిన దేశం, ఆ తెగ ఆఖరి మనిషి దగ్గర నేర్చుకున్న విద్యని ఆదివారపు వినోదం చేసుకుంది. ఈ ఒక్క మాట మరిచిపోయి విలువేట గురించి ఏం రాసినా అది సగం రాసినట్టే.

ఇక ఆ విల్లు. మన పద్యాల్లో వీరులు నారిని ఆకర్ణాంతం లాగుతారు. ఇక్కడివాళ్ళు దవడ దగ్గరో నోటి మూల దగ్గరో ఆపుతారు. అయినా 60, 70 పౌండ్ల బలమున్న విల్లుని లాగి నిమిషంపాటు పట్టుకోవడం మామూలు భుజాలకి అసాధ్యం. మిస్సోరీకి చెందిన హోలిస్ విల్బర్ అలెన్ ఈ చిక్కు విప్పాడు. విల్లు కొసలకి అడ్డగోలు కప్పీలు తగిలించి 1966లో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు, 1969లో మంజూరైంది. దాని పేరు కాంపౌండు విల్లు. సగం లాగేదాకా బరువు, పూర్తిగా లాగేసరికి ఆ బరువులో ముప్పాతిక పైన మాయమవుతుంది. 70 పౌండ్ల విల్లుని పది పదిహేను పౌండ్ల బరువుతో పట్టుకుని నిలబడవచ్చు. అయినా లాగాలంటే చెయ్యి కదలాలి. దుప్పి 20 గజాల్లో ఉన్నప్పుడు కదలడమంటే చీకటి గదిలో అగ్గిపుల్ల గీయడమే. దాని తల చెట్టు చాటుకి పోయిన ఆ రెండు క్షణాల్లోనే లాగాలి. లాగాక అది చాటునే ఆగిపోతే? పోతే ఏముంది, అలాగే పట్టుకుని వణకడం.

వదిలాక కూడా కథ కంచికి పోదు. బాణం సెకనుకి సుమారు 280 అడుగులు పోతుంది. శబ్దం 1,100 అడుగులు పోతుంది. దుప్పి 20 గజాల్లో ఉంటే, అల్లెతాడు చప్పుడు చెవిన పడ్డాక బాణం చేరడానికి ఇంకా సెకనులో ఆరో వంతు పడుతుంది. 40 గజాల్లో ఉంటే మూడో వంతు. బెదిరే జంతువుకి ఆ మూడో వంతు చాలా ఎక్కువ. వేటగాళ్ళు దీన్ని దుప్పి తాడు దూకిందంటారు. నిజానికి అది ముందు దూకదు, దూకడానికి కాళ్ళు మడిచి కిందికి కుంగుతుంది. ఊపిరితిత్తుల మీదికి వదిలిన బాణం వీపు మీదుగా పోయి మట్టిలో గుచ్చుకుంటుంది. అందుకే పది మందీ 60 గజాల్లో కొట్టగలమని గొప్పలు పోయే చోట, నిజంగా తెలిసినవాడు 25 దాటితే విల్లు దించేస్తాడు. 

మంచె ఎత్తుకి ఒక వెల కూడా ఉంది. ఈ వేటలో ప్రమాదమంటే ముందు గుర్తొచ్చేది చెట్టు మీంచి పడడమే. అదీ నిద్రలో తూలినప్పటికన్నా ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. మన తాటిచెట్లెక్కే గీతకార్మికులకి మోకు, ముత్తాదు ఉన్నట్టే ఇక్కడా నడుముకీ తొడలకీ భుజాలకీ చుట్టే జీను ఉంటుంది. నేల మీదే తొడుక్కుని, చెట్టుకి కట్టిన తాడుకి తగిలించుకుని, ఆ పైనే అడుగు వేయాలి. విల్లు చేత్తో పట్టుకుని ఎక్కకూడదు. పైకెళ్ళి కూర్చున్నాక దాన్ని తాడుతో చేదుకోవాలి. నీళ్ళు చేదినట్టు.

ఇంత తంటా దేనికి, అని తెలుగు పాఠకుడు అడగడం సహజం. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం తర్వాత దుప్పిని వేటాడడం జైలుకి దారి. నల్లమలలో తరాల తరబడి విల్లే బతుకైన చెంచులకి కూడా ఇప్పుడది నేరమే. అమెరికాలో లెక్క వేరేగా నడిచింది. 1900 ప్రాంతంలో అక్కడ తెల్లతోక దుప్పులు అయిదు లక్షలకి మించి లేవని అంచనా. మాంసానికీ తోలుకీ బజారులో అమ్మడానికి చంపుకుంటూ పోయారు. 1900లోనే, దొంగవేట మాంసం రాష్ట్రాల సరిహద్దు దాటించడాన్ని లేసీ చట్టం నేరం చేసింది. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకులూ తూటాల మీది పన్నుని వన్యప్రాణుల పునరుద్ధరణకి కేటాయించింది. 1972లో విల్లులూ బాణాలూ ఆ జాబితాలో చేరాయి, అప్పట్లో వాటి మీద 11 శాతం. ఇప్పుడు ఆ దుప్పులు దాదాపు మూడు కోట్లు. తోడేళ్ళూ కొండసింహాలూ చాలా రాష్ట్రాల్లో ఎప్పుడో పోయాయి. న్యూజెర్సీలోనో జార్జియాలోనో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబానికి ఆ మూడు కోట్ల అర్థం పెరట్లో తెలుస్తుంది. రాత్రి పడుకునేసరికి గోంగూర మొక్కలుంటాయి. పొద్దున్న చూస్తే కాడలుంటాయి. వల కడితే వల పైనుంచి దూకుతాయి. తుపాకి పేల్చడానికి వీల్లేని శివారు ఊళ్ళు కొన్ని విలుకాళ్ళనే పిలిపించుకుని మందని తగ్గించుకుంటాయి.

విల్లుతో దుప్పిని వేటాడడానికి అమెరికాలో తొలి ప్రత్యేక సీజను ప్రకటించింది కూడా విస్కాన్సినే, 1934లో. ఆ రోజుల్లో అక్కడి విశ్వవిద్యాలయంలో వన్యప్రాణి నిర్వహణ బోధించే ఆల్డో లియోపోల్డ్ తన విల్లు తానే చెక్కుకునేవాడు. ఆయన భార్య ఎస్టెల్లా గురిలో ఆయన్ని మించింది, రాష్ట్ర స్థాయి విజేత. పర్యావరణ ఆలోచనకి ఆద్యుల్లో ఒకడిగా ప్రపంచం చదివే లియోపోల్డ్ వేటని వదల్లేదు. ఈ ఆటని చూసేవాళ్ళూ చప్పట్లు కొట్టేవాళ్ళూ లేరన్న సంగతి మీద మాత్రం చాలా ఆలోచించాడు. అడవిలో వేటగాడి తప్పుకి సాక్షి వాడొక్కడే.

ఆ సాక్ష్యం అక్కరకొచ్చేది బాణం వదిలాకే. రెండు ఊపిరితిత్తుల్లోంచి దూసుకుపోతే దుప్పి కొద్ది క్షణాల్లో, మహా అయితే నూరు నూట యాభై గజాల్లో కూలిపోతుంది. తప్పితే? కిందికి దిగి ముందు బాణం వెతకాలి. ములికి మీద నెత్తురు గులాబీ రంగులో నురగతో ఉంటే ఊపిరితిత్తి. ముదురు ఎరుపైతే కాలేయం, కొన్ని గంటలు ఆగాలి. బాణానికి పచ్చటి జిగట, చెడు వాసన ఉంటే పొట్టలో తగిలింది. అప్పుడు రాత్రంతా ఆగడం తప్ప దారి లేదు. వెంటపడితే అది లేచి, మైళ్ళు పోయి, ఎవరికీ దొరక్కుండా చస్తుంది. ఆగిన రాత్రి వాన పడితే నెత్తురు జాడ కడుక్కుపోతుంది. మర్నాడు తెల్లారగానే నెత్తురు చుక్క కనబడ్డ చోటల్లా మరుగుదొడ్డి కాగితం ముక్క ఒకటి కొమ్మకి తగిలిస్తూ మోకాళ్ళ మీద పాకుతారు. వెనక్కి తిరిగి చూస్తే ఆ తెల్ల ముక్కల వరస దుప్పి ఎటు పోయిందో చెబుతుంది. దొరకని దుప్పి గురించి నిజం చెప్పే వేటగాడు దొరికితే ఆ మనిషి మాటలు వినాలి. కొమ్ముల కొలతలు చెప్పేవాడి మాటలు వినక్కర్లేదు.

కొలతల పిచ్చి అక్కడ తక్కువేం కాదు. ప్రతి రెమ్మనీ టేపుతో అంగుళంలో ఎనిమిదో వంతు దాకా కొలిచి, కూడి, కుడి ఎడమల తేడాలు తీసేసి అంకె కడతారు. 125 అంగుళాలు దాటితే పోప్ అండ్ యంగ్ పుస్తకంలోకి ప్రవేశం. ఆ పుస్తకంలో బఫెలో కౌంటీ పేరు పదే పదే కనిపిస్తుంది. సమరూపమైన కొమ్ముల కోవలో ఆ సంఘం రికార్డు మెల్ జాన్సన్ అనే ఆయనది. 1965 అక్టోబరు 29న ఇల్లినాయి రాష్ట్రం పియోరియా కౌంటీలో కొట్టింది, 204 అంగుళాల 4/8. తమాషా ఏమిటంటే ఆయన ఆ రోజు ఏ మంచే ఎక్కలేదు. సోయా చేను గట్టున పొద చాటున నేల మీదే ఉన్నాడు. చేతిలో కప్పీలు లేని పాతకాలపు విల్లు.

సరే, ఆ నవంబరు సాయంత్రం మంచె మీద కూర్చున్నవాడి దగ్గరికి వద్దాం. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఎక్కాడు. మూడింటి దాకా ఉడతలు. ఎండుటాకుల మీద ఉడత పరుగు అచ్చం దుప్పి నడకలా ఉంటుంది, ప్రతిసారీ గుండె ఒకసారి ఎగిరి పడుతుంది. ఎదురుగా వేలు లావు కొమ్మ ఒకటి నేలకి వంగి ఉంది, దాని కింద నేల గీరి ఉంది. పోతు ఆ కొమ్మని నమిలి, కంటి మూల గ్రంథి దానికి రాసి, గీరిన మట్టిలో మూత్రం పోసి పోయింది. అటు వచ్చిన ప్రతి దుప్పీ ఆగి వాసన చూసుకుని పోతుంది. రచ్చబండ దగ్గర పేపరు చదివినట్టు.

నాలుగుంబావుకి రెండు ఆడ దుప్పులు లోయలోంచి వచ్చాయి. వాటి వెనక, చాలా వెనక, అదొచ్చింది. మెడ రొమ్ములో కలిసిపోయింది. కొమ్ముల మొదట్లో చెట్టు బెరడు పీచు ఇంకా వేలాడుతోంది. నలభై గజాలు. ఆడ దుప్పులు నేరుగా మంచె కిందికి వచ్చి ఓక్ కాయలు ఏరుకోసాగాయి. పోతు రాలేదు. గాలి వాలు పట్టుకుని గుండ్రంగా తిరిగి ముళ్ళపొద వెనక నిలబడింది. కొమ్ములూ, పొట్టలో కొంతా కనిపిస్తున్నాయి. కొట్టాల్సిన చోటు కనిపించడం లేదు. వాడు విల్లు లాగలేదు. పది నిమిషాలు ఆ ఇద్దరూ అలాగే ఉన్నారు, ఒకరు చూస్తూ, ఒకరు ముక్కు ఎత్తి వింటున్నట్టుగా.

అయిదు కాకముందే పొద్దు కుంకింది. పొదా, పోతూ కలిసి ఒకే నలుపైపోయాయి. చట్టం ఇచ్చిన వేళ అయిపోగానే వాడు బాణం తీసి చప్పుడు కాకుండా పొదిలో పెట్టేశాడు. ఇక దిగి ఇంటికెళ్ళడమే. కానీ ఆడ దుప్పులు కిందే ఉన్నాయి. ఇప్పుడు దిగితే వాటికి ఈ చెట్టు మీద మనిషి ఉంటాడని తెలుస్తుంది. తెలిస్తే ఈ ఏడాదికి ఈ చెట్టు అక్కరకు రాదు. మన జొన్నచేలో మంచె మీదివాడైతే ఒక్క కేక వేసేవాడు. వీడు కూర్చున్నాడు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. కింద చీకట్లో ఓక్ కాయలు పళ్ళ మధ్య పటుక్కు పటుక్కుమని పగులుతున్నాయి. జేబులో ఫోను వణికింది, ఇంటి నుంచే అయి ఉంటుంది. తీయలేదు.